బుజ్జమ్మకు, ఇంటికి వెళ్లినవాళ్ల లెక్క గురించి

చిరంజీవి బుజ్జమ్మకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆసుపత్రి రికార్డులను ఓమాప్ అనే ఉమ్మడి డేటా నమూనాలోకి మార్చి వాటి మీద పరిశోధన చేసే బృందంలో చేరుతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. నేను ఇన్నేళ్లు చేసి విరమించుకున్న పనినే నువ్వు ఎంచుకున్నందుకు గర్వంగానే ఉంది గానీ, రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నీకు తెలిసినవి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. జబ్బుల పేర్లను స్నోమెడ్ కోడ్‌లకు, ల్యాబ్ పరీక్షలను లాయింక్ కోడ్‌లకు ముడిపెట్టేటప్పుడు ఆసుపత్రివాళ్లు రాసిన అసలు మాటను సోర్స్ వాల్యూ గడిలో అలాగే ఉంచు. జత కుదరని కోడ్‌కు కాన్సెప్ట్ ఐడీ, అంటే ఆ నమూనాలోని ప్రామాణిక సంఖ్య, సున్నా పడుతుంది. ఆ సున్నాలెన్నో అప్పుడప్పుడూ లెక్కపెట్టు. షుగరు 7.2 అని కనబడితే అది మిల్లీమోల్స్‌లో ఉందా, అంటే 18తో గుణిస్తే సుమారు 130 మిల్లీగ్రాములా, లేక ఎవరో మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ శాతాన్ని తప్పు గడిలో వేశారా అని చూడకుండా ముందుకు పోవద్దు. మందుల టేబుల్‌ను పరీక్షల టేబుల్‌తో జాయిన్ చేశాక వరుసలను కాదు, మనుషులను లెక్కపెట్టు. అయిదు మందులు, పది పరీక్షలు ఉన్న ఒక్క రోగి యాభై వరుసలవుతాడు.

ఇక నా తప్పు సంగతి. ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూ రికార్డులతో, ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్ రోగులకు వాడే రెండు యాంటీబయాటిక్‌లను పోల్చాలని పని మొదలుపెట్టాం. డిశ్చార్జ్ గడిలో నాలుగు మాటలుండేవి: డిశ్చార్జ్, లామా, రిఫర్, డెత్. లామా అంటే డాక్టర్లు వద్దన్నా వెళ్లిపోవడం. ఎలాగూ వెళ్లింది ఇంటికే కదా అని మొదటి రెండింటినీ కలిపి ‘ఇల్లు’ అనే ఒకే కాన్సెప్ట్‌కు ముడిపెట్టింది నేనే. ఖరీదైన మందు వాడినవాళ్లలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి, అందరం సంబరపడ్డాం. వ్యాసం పంపబోయే ముందు మందుల షీట్లు సరిచూడడానికి వార్డుకు వెళితే, అక్కడి సిస్టర్ ఒకావిడ నా కాగితంలోని ఒక వరుస మీద వేలు పెట్టి, “వెంటిలేటర్ మీద ఉన్నాడు, బీపీ నిలబడడానికి రెండు మందులు ఎక్కుతున్నాయి, ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లాడని రాసుకున్నారు. ఎలా వెళ్లి ఉంటాడమ్మా?” అని అడిగింది.

డబ్బు అయిపోయి, ఆశ వదులుకుని, కనీసం ప్రాణం ఇంట్లో పోవాలని అంబులెన్సులో తీసుకుపోయినవాళ్లందరినీ నేను బతికినవాళ్లలో వేశాను. ఖరీదైన మందు పెట్టినచోట డబ్బు తొందరగా అయిపోయేది, లామాలు పెరిగేవి, ఆ చావులు ఆసుపత్రి లెక్కకు ఎక్కకుండా పోయేవి. ఆ వ్యాసాన్ని ఆపేశాం.

నాకు తెలియక జరిగిందని చెప్పుకోవడానికి కూడా లేదు. మీ తాతయ్యను ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నప్పుడు లామా కాగితం మీద సంతకం పెట్టింది నేను. నువ్వప్పుడు రెండో తరగతి. వసారాలో మంచం వేశాం, తెల్లవారుజామున పోయారు. ఆ ఆసుపత్రి రికార్డులో ఆయన ఇంటికి వెళ్లిన మనిషే. ఆ సంతకం పెట్టిన చేత్తోనే తర్వాత ఆ మ్యాపింగ్ రాశాను.

బోస్టన్ ఆసుపత్రి రికార్డులతో పరిశోధకుల కోసం చేసిన మిమిక్-4 అనే డేటాలో కూడా సలహాకు విరుద్ధంగా వెళ్లినవాళ్లకు వేరే గుర్తు ఉంది. పైగా ఇంటికి వెళ్లాక ఏడాదిలోపు జరిగిన మరణాలను రాష్ట్ర రికార్డుల నుంచి తెచ్చి కలిపారు. నీకు ఆ వసతి లేకపోతే లామాను విడిగానే ఉంచి, వాళ్లంతా పోయారనుకుని ఒకసారి, బతికారనుకుని ఒకసారి క్వెరీ నడుపు. రెండుసార్లూ జవాబు ఒకటే వస్తేనే దాన్ని నమ్ము. ‘డేటా ఇలాగే వచ్చింది’ అని నాతో మాత్రం అనకు, కోపం వస్తుంది.

చేరిన మొదటి వారంలోనే ఆ డిశ్చార్జ్ గడిలో ఏయే మాటలున్నాయో, ఒక్కొక్కటి ఎన్నిసార్లు ఉందో లెక్క తీయి. మీ సంస్థ ఒప్పుకుంటేనే ఆ అంకెలు నాకు చెప్పు. పేర్లు, ఊళ్లు, ఆభా (ఆరోగ్య ఖాతా) నంబర్లు మాత్రం ఎవరికీ, నాకైనా సరే, చెప్పవద్దు. వేళకు అన్నం తిను.

మీ పెద్దమ్మ