ప్రతిజ్ఞ పలికాకే పౌరుడు

ప్రశ్న: మా అబ్బాయి జనవరి 26న సిడ్నీలో ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుంటున్నాడు. పరీక్ష ఎప్పుడో పాసయ్యాడు. మళ్లీ ఈ వేడుక ఎందుకు? – ఒక తల్లి

జవాబు: పరీక్షతో పని పూర్తికాదమ్మా, ప్రతిజ్ఞ పలికాకే పౌరుడవుతాడు. అందులో దేవుడి ప్రస్తావన ఉండాలో వద్దో తనిష్టం. మా చెల్లెలి వేడుకకు నేనూ వెళ్లాను. మేయరు పత్రంతో పాటు చిన్న కుండీలో మొక్క ఇచ్చారు. చీరకు మట్టి అంటుతున్నా చెల్లెలు దాన్ని ఒళ్లోంచి దించలేదు. అదే వేదిక మీద, ఏళ్లతరబడి వృద్ధుల ఇళ్లకు భోజనం చేరవేసిన ఒక పెద్దావిడకు పురస్కారం. చప్పట్లు ఆవిడకే ఎక్కువ, న్యాయమే! ఇక జనవరి 26 అంటే, 1788లో సిడ్నీ కోవ్ తీరంలో బ్రిటిష్ జెండా ఎగిరిన రోజు. అందుకే అక్కడి ఆదిమవాసుల్లో చాలామందికి అది సంతాపదినం. అబ్బాయికి ఆ సంగతీ చెప్పండి. అన్నట్టు, భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. మన పాస్‌పోర్టు అప్పగించడం మరవవద్దనండి.