గేటు దాటకముందే మొదలుపెట్టాల్సిన పనులు

చి. రమేశ్‌కు బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. జైలు నుంచి విడుదలయ్యాక సెక్యూరిటీ గార్డుగా పెట్టిస్తానని మీ నాన్న స్నేహితుడు మాటిచ్చాడని రాశావు కదా, ముందు దాని సంగతి చెప్తాను. ఆ ఉద్యోగం వద్దు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 10వ సెక్షన్ ప్రకారం కోర్టులో శిక్ష పడినవాణ్ణి గార్డుగా గానీ సూపర్‌వైజరుగా గానీ పెట్టుకోకూడదు. "మా ఏజెన్సీలో వెరిఫికేషన్ ఎవరూ అడగరు" అంటారు. నిజమే, కొన్నాళ్లు ఎవరూ అడక్కపోవచ్చు. ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక బంగారు గొలుసు కనబడకుండా పోయిన రోజున మాత్రం అందరి కళ్లూ నీ మీదే పడతాయి. నిన్ను పెట్టినవాడే "నాకు తెలియదు" అంటాడు. అందరికీ తేలిగ్గా దొరికే పని అది, కాబట్టే బయటికి వచ్చినవాళ్లు ముందు అటే పోతారు. నీకు మాత్రం చట్టం మూసేసిన తలుపు అది.

నువ్వింకా లోపలే ఉన్నావు, అది ఒకందుకు మేలు. కొన్ని పనులు లోపల ఉండగా ఒక్క అర్జీతో అయిపోతాయి, బయటికి వచ్చాక నెలలు పడతాయి. అందుకే వెల్ఫేర్ ఆఫీసరును ఈ వారంలోనే కలువు.

అడగాల్సిన కాగితాలు ఇవి. సూపరింటెండెంటు సంతకం, ముద్ర ఉన్న విడుదల పత్రం. అందులో కేసు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా శిక్ష అనుభవించావో స్పష్టంగా ఉండాలి. జరిమానా కట్టి ఉంటే రసీదు, కట్టకపోతే దానికి బదులుగా అదనపు శిక్ష అనుభవించినట్టు రాతలో ఉండాలి. ఇది లేకపోతే రెండేళ్ల తర్వాత జరిమానా బాకీ అంటూ వారంటు వచ్చినా జవాబు చెప్పలేవు. పనికి వచ్చిన కూలి డబ్బు లెక్క. లోపలికి వచ్చిన రోజు రిజిస్టరులో రాసుకున్న నీ వస్తువులు. బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే జైలు డాక్టరు చీటీ, దారిలోకి సరిపడా మాత్రలు. తీర్పు నకలు శిక్ష పడిన రోజే నీకు ఉచితంగా ఇచ్చి ఉండాలి. పోగొట్టుకుని ఉంటే కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టాలి. వీటిలో దేన్నీ లామినేషన్ చేయించకు. ముద్ర అసలుదో కాదో చూసేవాళ్లకు తెలియక వెనక్కి పంపిస్తారు.

ఇంకొకటి. కస్టడీలో ఉన్నంతకాలం నీ ఆదాయం ఎంతైనా లీగల్ సర్వీసెస్ అథారిటీ నుంచి ఉచిత వకీలు దొరుకుతాడు. గేటు దాటిన మర్నాటి నుంచి నువ్వు ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల్లాంటి వర్గాల్లో లేకపోతే ఆదాయ పరిమితి అడ్డం వస్తుంది. అందుకే అడగాల్సినవన్నీ ఇప్పుడే జైలు లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో అడిగేయి. మరీ ముఖ్యంగా నీ పేరు మీద వేరే కేసు ఎక్కడైనా పెండింగ్‌లో ఉందేమో కనుక్కో. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పాత చిన్న కేసొకటి కోర్టులో నడుస్తూనే ఉంటుంది, హాజరు లేదని నాన్ బెయిలబుల్ వారంటు పడి ఉంటుంది. పనిలో చేరిన మూడో నెలలో పోలీసులు షాపుకే వస్తారు. ఈ-కోర్ట్స్ యాప్‌లో జిల్లా, కోర్టు ఎంచుకుని కక్షిదారు పేరుతో వెతకొచ్చు. మీ చెల్లెలికి చెప్పి రెండు రకాల స్పెల్లింగులతో, ఇంటిపేరు ముందుపెట్టి ఒకసారి, వెనకపెట్టి ఒకసారి వెతికించు. వారంటు ఉంటే దాన్ని రద్దు చేయమని వకీలు ద్వారా రీకాల్ పిటిషన్ వేయించాలి. బయటికి వచ్చాక సలహా కావాలంటే లీగల్ సర్వీసెస్ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చెయ్యి.

బయటికి వచ్చిన మొదటి వారం పని కోసం తిరగకు. నీ పాత ఫోన్ నంబరు ఎప్పుడో రద్దయి ఉంటుంది. రద్దయిన నంబరును 90 రోజులు దాటాక కంపెనీ వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు. అంటే నీ ఆధార్ ఓటీపీ, బ్యాంకు ఓటీపీ ఇప్పుడు ఎవరో తెలియని మనిషి ఫోనుకు పోతుండొచ్చు. అందుకే ఈ వరస తప్పకు: కొత్త సిమ్, తర్వాత ఆధార్ సెంటరుకు స్వయంగా వెళ్లి వేలిముద్రతో నంబరు మార్పించుకోవడం, అది అప్‌డేట్ అయ్యాకే బ్యాంకు. నంబరు మార్పుకు వేరే కాగితం ఏదీ అక్కర్లేదు. వెల్డింగ్ పనివల్ల వేలిముద్రలు అరిగి మిషను పట్టకపోతే కనుపాపతో చేయమని అడుగు. బ్యాంకులో రెండేళ్లకు పైగా లావాదేవీ లేకపోతే ఖాతాను నిర్జీవంగా పెడతారు. కేవైసీ (గుర్తింపు, చిరునామా) కాగితాలు ఇస్తే మళ్లీ తెరుస్తారు, దానికి రుసుము తీసుకోకూడదు. డ్రైవింగ్ లైసెన్సు గడువు దాటి ఏడాది లోపైతే పరీక్ష లేకుండా రెన్యువల్ అవుతుంది, ఏడాది దాటితే మళ్లీ టెస్టు ఇవ్వాలి. రేషన్ కార్డులో నీ పేరు ఉందో లేదో మీసేవలో చూపించు. ఓటు పోయిందని బెంగపడకు. లోపల ఉన్నంతవరకే వేయకూడదు, బయటికి వచ్చాక జాబితాలో పేరు లేకపోతే ఫారం 6 పెట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు పని గురించి. నువ్వు చర్లపల్లిలో స్టీల్ ఫర్నిచర్ వర్క్‌షాపులో మూడేళ్లుగా చేస్తున్నావు. నీ చేతిలో ఉన్న సొత్తు అదే, దాన్ని వదిలి ఇంకో పనికి ఎగబడకు. జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్లకూ పని ఇస్తారు. కావాలంటే విడుదలకు ముందే సూపరింటెండెంటుకు అర్జీ రాసివ్వు, బయటికి వచ్చి అడిగితే వరసలో వెనక పడతావు. అయితే నా లెక్కలో బంకు పని రెండు మూడు నెలలు ఇల్లు గడవడానికే. వెల్డింగ్ చేయి తిరిగినవాడు బంకులో పైపు పట్టుకుని ఏళ్లు గడపడం వృథా.

కుషాయిగూడ, చర్లపల్లి, జీడిమెట్ల, బాలానగర్ వైపు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు ఉన్నాయి. పెద్ద ఫార్మా కంపెనీలు, ఐటీ క్యాంపస్‌లు, ఎయిర్‌పోర్టు కాంట్రాక్టులు పోలీస్ వెరిఫికేషన్ అడుగుతాయి. పదిమంది పనిచేసే షెడ్డు ఓనరు ముందు చూసేది చతురస్రపు ట్యూబు మూల సరిగ్గా 90 డిగ్రీలకు కలిపావా, పలుచని రేకు కాలి చిల్లు పడిందా అనే. ట్రయల్‌కు వెళ్లినప్పుడు పలుచని ట్యూబు ఇస్తే కరెంటు తగ్గించుకో, ఒకేసారి లైను లాగకుండా నాలుగు మూలలా టాకాలు వేసి, మూలమట్టంతో చూసి, ఆ తర్వాత అతుకు. తొందరపడి ఒక పక్కే లాగేస్తే ఫ్రేము మెలిపడుతుంది, అక్కడితో నీ ట్రయల్ అయిపోయినట్టే. హెల్పరు కూలికి ఒప్పుకోమంటే వారం రోజులకు ఒప్పుకో, నెలకు ఒప్పుకోకు. ఇరవైమంది, అంతకు మించి ఉన్న యూనిట్ అయితే పీఎఫ్ కట్టాలి. కట్టే చోట జీతం వంద రూపాయలు తక్కువైనా చేరు. పాత ఉద్యోగం తాలూకు యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి) నంబరు ఉంటే అదే ఇవ్వు, కొత్తది తీయించకు.

డెలివరీ, క్యాబ్ కంపెనీలు బయటి ఏజెన్సీతో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తాయి. వాళ్లూ కోర్టు రికార్డుల్లో పేరు పెట్టి వెతుకుతారు. మన దగ్గర ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊరికి నలుగురు ఉంటారు కాబట్టి నీది కాని కేసు కూడా నీకు అంటగట్టే ప్రమాదం ఉంది. రిపోర్టు కాపీ అడుగు. తండ్రి పేరు, వయసు, ఊరు తేడా చూపించి రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టు.

అసలు చిక్కు ఫారాల దగ్గర వస్తుంది. ప్రశ్నను రెండుసార్లు చదువు. "శిక్ష పడిందా" అని ఒకరు అడుగుతారు, "కేసు పెండింగ్‌లో ఉందా" అని ఇంకొకరు, "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని మరొకరు. మూడింటికీ జవాబులు వేరు. అడిగినదానికి నిజం రాయి, అడగనిది రాయకు. సర్కారు కొలువుల అటెస్టేషన్ ఫారంలో మూడూ ఉంటాయి. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016 జులైలో చెప్పిన మాట ఇదే: చిన్న నేరమైతే, నిజం రాసి ఉంటే, అధికారి పరిశీలించి తీసుకోవచ్చు, దాచితే దాచడమే తీసెయ్యడానికి కారణం కావొచ్చు. నీది పెద్ద సెక్షను కాబట్టి సర్కారు కొలువు మీద ఆశ పెట్టుకోమని నేను చెప్పను. మీ తమ్ముడు డ్రంకెన్ డ్రైవ్‌లో రెండు రోజులు లోపలుండి వచ్చాడే, వాడికి మాత్రం ఈ మాట చెప్పు. "అది కేసే కాదు" అనుకుంటున్నాడు. కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టినా అది శిక్ష పడినట్టే, ఫారంలో రాయాల్సిందే.

ఓనరు ఎదురుగా కూర్చున్నప్పుడు "ఇన్నాళ్లూ ఎక్కడున్నావ్" అని అడుగుతాడు. గల్ఫ్‌లో ఉన్నానని చెప్పకు. మన జగిత్యాల వైపు ప్రతి ఇంట్లో గల్ఫ్ వెళ్లొచ్చినవాడు ఉంటాడు, ఏ కంపెనీ, ఏ క్యాంపు అని రెండు ప్రశ్నలకే దొరికిపోతావు. ఇలా చెప్పు: "ఒక కొట్లాట కేసులో శిక్ష పడింది సార్, పూర్తి చేసుకుని వచ్చాను. లోపల మూడేళ్లు స్టీల్ ఫర్నిచర్ పని చేశాను. వేరే కేసులేవీ లేవు, కాగితాలు ఉన్నాయి. రెండు రోజులు పని చూసి నిర్ణయించండి." అంతే, తర్వాత నోరు మూసుకో. కేసు కథంతా చెప్పి, తప్పు అవతలివాళ్లదని వాదించావంటే ఆయనకు భయం మొదలవుతుంది. పదిచోట్ల అడిగితే ఏడెనిమిది చోట్ల వద్దంటారనే లెక్కతోనే ఇంట్లోంచి బయల్దేరు.

గల్ఫ్ ఆలోచన ఉందని రాశావు. పాస్‌పోర్టు చట్టం 6వ సెక్షన్‌లో ఉన్నది ఇది: నైతిక పతనం కిందికి వచ్చే నేరానికి రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే, శిక్ష పడిన తేదీ నుంచి అయిదేళ్లలోపు దరఖాస్తు పెడితే నిరాకరించొచ్చు. విడుదల తేదీ నుంచి కాదు, శిక్ష పడిన తేదీ నుంచి. నీకు 2022 మార్చిలో పడింది కాబట్టి 2027 మార్చి దాటాక ఆ అడ్డం ఉండదు. అయినా వీసాకు అడిగే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ వేరే సంగతి, దానికి స్టేషన్ రికార్డు చూస్తారు. "క్లియరెన్స్ నేను తెప్పిస్తా" అనే ఏజెంటు దొంగ కాగితం తెస్తాడు, అది నీ మీద రెండో కేసు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షన్నర అడిగేవాడితో మాట్లాడనే వద్దు.

సొంత షెడ్డు పెట్టాలన్న తొందర ఇప్పుడే వద్దు, ఏడాది ఆగు. ఆ ఏడాదిలో చేయాల్సింది ఒకటుంది. లోపలికి వెళ్లేముందు బండి లోను తీసుకున్నావు, వాయిదాలు ఆగిపోయాయి. రేపు ముద్రలోను (చిన్న వ్యాపారాలకు సర్కారు పథకం కింద ఇచ్చే అప్పు) అడిగితే మేనేజరు ముందు చూసేది క్రెడిట్ రిపోర్టు, అంటే నీ పాత అప్పుల చరిత్ర, జైలు సంగతి ఆ తర్వాతే. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తారు, తెప్పించు. బాకీ తక్కువే అయితే 'సెటిల్డ్' (కొంత కట్టి తేల్చుకున్నట్టు) అని రాయించుకోకు, మొత్తం కట్టి 'క్లోజ్డ్' అని రాయించి నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకో. ముద్ర శిశు కింద 50,000 దాకా హామీ లేకుండా ఇస్తారు. ఈలోగా జిల్లాలో బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో చేరగలిగితే తిండి, బస, శిక్షణ ఉచితం. ఇంకో లాభం, సర్టిఫికెట్ మీద ఆ సంస్థ పేరే ఉంటుంది. జైల్లో ఇచ్చిన సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు జైలు పేరు ఎక్కడ, ఎంత పెద్దగా ఉందో ఒకసారి చూడు.

స్టేషన్ సంగతి మిగిలింది. నీ పేరు మీద రౌడీ షీట్ ఉందని వదిన చెప్పింది. షీట్ ఉన్నంతకాలం పండగలకూ ఎన్నికలకూ పిలుస్తారు, పనికి నాగా పడుతుంది. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం అది శాశ్వతం కాదు, డిసెంబరు ఆఖరు తర్వాత కొనసాగించాలంటే గెజిటెడ్ అధికారి ఉత్తర్వు కావాలి. బయటికి వచ్చి ఆరునెలలు పని చేశాక, ఓనరు ఇచ్చిన ఉద్యోగ పత్రం, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, కొత్త కేసుల్లేవని ఈ-కోర్ట్స్ ప్రింటు జతచేసి డీఎస్పీకి అర్జీ పెట్టు, కాపీ ఎస్పీకి పంపు. స్పీడ్ పోస్టులోనే పంపు, రసీదు దాచు. జవాబు రాకపోతే ఆ రసీదులే హైకోర్టులో రిట్‌కు ఆధారం. అలా వేసినవాళ్లకు షీట్లు కొట్టేసిన తీర్పులున్నాయి. జీతం చేతికి నగదుగా తీసుకోవద్దని చెప్పేది కూడా ఇందుకే, ఖాతాలో పడితేనే నీ ఆరునెలల పనికి సాక్ష్యం.

వచ్చే ములాఖత్‌కు వదినతో నీ పాత బ్యాంకు పాసుబుక్కు, లైసెన్సు జిరాక్సు పంపిస్తాను. లైసెన్సు మీద గడువు తేదీ చూసి, ఏడాది దాటిందో లేదో ఆమెతోనే కబురు చెయ్యి. దాన్ని బట్టి రెన్యువల్‌కా టెస్టుకా, దేనికి స్లాట్ బుక్ చేయాలో ఇక్కడ నేను చూస్తాను.

ఇట్లు,
మీ బాబాయి