రెండు టైర్లా, నాలుగా: తేల్చేది క్రూ చీఫ్

నాస్కార్ (అమెరికా కార్ రేసింగ్) రేసులో ముందున్న కారు పిట్‌లోకి, అంటే టైర్లు మార్చి ఇంధనం నింపే చోటికి వచ్చి రెండు టైర్లే మార్చుకుని వెళ్లిపోయింది, అది డ్రైవర్ నిర్ణయమా అని అడిగారు. కాదండీ, ఆ కారు బృందాన్ని నడిపించే క్రూ చీఫ్‌ది.

రెండే మారిస్తే త్వరగా బయటపడొచ్చు, రీస్టార్ట్‌లో, అంటే ప్రమాదంలాంటివి జరిగినప్పుడు చూపే పసుపు జెండాతో నెమ్మదించిన రేసు మళ్లీ మొదలయ్యేటప్పుడు, ముందు వరసలో ఉండొచ్చు. కానీ ల్యాప్‌లు చాలా మిగిలుంటే నాలుగు కొత్త టైర్లున్నవాళ్లు వెనకనుంచి వచ్చి దాటేస్తారు. మిగిలిన ల్యాప్‌లు, ఇంధనం, ఆ ట్రాక్ టైర్లను ఎంత తినేస్తుంది, ఇవన్నీ క్షణాల్లో లెక్కేయాలి. అసలు టెన్షన్ అక్కడే.

డ్రైవర్ రేడియోలో చెప్పేది కారు తీరు: 'లూజ్' అంటే మలుపులో వెనక భాగం జారుతోందని, 'టైట్' అంటే ముందు భాగం తిరగనంటోందని. అది విని వెడ్జ్ (వెనక స్ప్రింగ్‌పై బరువు సర్దే స్క్రూ) ఎంత తిప్పాలో, టైర్లలో గాలి ఎంత ఉండాలో చీఫ్ చెబుతాడు. "పక్కన కారుంది" అనే గొంతు మాత్రం పైనుంచి రేసు చూస్తూ డ్రైవర్‌కు చెప్పే స్పాటర్‌ది.

తనిఖీలో కారు నిబంధనలకు విరుద్ధంగా ఉందని పట్టుబడితే సస్పెన్షన్ వేటు కూడా ఎక్కువగా చీఫ్‌పైనే. 2006 డేటోనా 500 రేసుకి ముందు డ్రైవర్ జిమ్మీ జాన్సన్ క్రూ చీఫ్ చాడ్ కనౌస్‌ను అలాగే పంపేశారు. డేరియన్ గ్రబ్ ఆ బాధ్యత తీసుకుంటే జాన్సన్ గెలిచాడు. అలాగని కనౌస్‌ను తక్కువ చేయకండి, జాన్సన్ ఏడు టైటిళ్లూ అతనితోనే.

ఈసారి పసుపు జెండా పడగానే ముందు మిగిలిన ల్యాప్‌లు చూడండి, చీఫ్ ఏం చేస్తాడో చాలాసార్లు మీరే ఊహించగలరు.