మొదటి టేపు చెరపకు

చిరంజీవి అల్లుడికి,

కాజీపేటలో షట్టరు గది అద్దెకు తీసుకుని స్నేహితులతో పంక్ రాక్ రికార్డు చేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పి ఏడ్చినంత పని చేసింది. ఆమె బెంగ నీ ఉద్యోగం గురించి, నా బెంగ నీ చెవుల గురించి. అయినా నా తర్వాత మన ఇంట్లో మళ్లీ ఒకడు మైకు పట్టాడని ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

నువ్వు పంపిన, అమెరికా పంక్ బ్యాండు రమోన్స్ వాళ్ల మొదటి రికార్డు విన్నాను. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టుంది. 1976లో సుమారు 6,400 డాలర్ల ఖర్చుతో చేశారట. 14 పాటలు కలిపి అరగంట కూడా లేవు. గిటారు ఒక పక్క, బేస్ గిటారు మరో పక్క వినిపించేలా విడదీశారు. నా ఎడమ చెవి పోయిందిగా, హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకుని మళ్లీ వింటే గానీ బేస్ ఉందని తెలియలేదు! గరుకుగా ఉంది గానీ ఎక్కడా తాళం తప్పలేదు. మూడోసారికి నాకూ పట్టుకుంది.

తీగలు శ్రుతి చేసుకోండి. అందరూ ఒకేసారి వాయించండి. రైలు కూత పడితే పడనీ. టేపు మీద మోత ఎక్కువైతే అంచులు అరిగి మెత్తబడేది. కంప్యూటర్‌లో గీత దాటితే శబ్దం పైభాగం తెగిపోతుంది, మళ్లీ అతకదు. గరగర కావాలంటే గిటారు శబ్దం పెంచే ఆంప్ దగ్గరే పుట్టించు, రికార్డింగు మట్టం మాత్రం తక్కువలో ఉంచు.

1987లో హనుమకొండ చౌరస్తా వెనక సందులో నా క్యాసెట్ల దుకాణం ఉండేది. జనగామ వైపు నుంచి ఒక ఒగ్గు కథకుడు వచ్చాడు. మూడు రాత్రుళ్లు కథ చెప్పి జీరబోయిన గొంతు. మట్టం చూసుకుందామని మల్లన్న కథ ఎత్తుకోమన్నాను. డోలు మొదటి దెబ్బకే మట్టం చూపే సూది ఎర్ర గీత దాటి అక్కడే వణికింది. పావుగంట ఆపలేకపోయాను. తర్వాత నా తెలివి తెల్లారింది. డోలు వాళ్లను గుమ్మం బయట కూర్చోబెట్టి, మెల్లగా చెప్పమని ఆయన్ను బతిమాలి, కొత్తగా కొన్న ఎకో మిషన్‌తో గొంతంతా తడిపేశాను. అదీ ఆ మట్టం చూసుకున్న టేపు మీదనే. ఖాళీ టేపుకు డబ్బులు దండగని!

కొమురవెల్లి జాతరలో ఆ క్యాసెట్టు పెడితే ఒక ముసలమ్మ కాసేపు విని, "ఎవరికి భయపడి ఇంత మెల్లగా చెబుతున్నాడు బిడ్డా?" అంది. మరుసటి ఏడాది మళ్లీ రికార్డు చేద్దామని ఆయన ఊరికి వెళ్తే దండ వేసిన ఫొటో చూపించారు.

అందుకే చెబుతున్నాను, మూర్ఖుడా, మొదటిసారి వాయించింది ఎంత అధ్వానంగా ఉన్నా చెరపకు. రెండు చోట్ల దాచు. చెవుల్లో పెట్టుకునే బిరడాలు నలుగురికీ కొని పంపుతున్నాను. ఒక్క రోజు మానినా మీ అమ్మతో చెబుతాను. రికార్డు పూర్తయ్యాక తీసుకురా. నా కుడి పక్కన కూర్చో.

మీ మామయ్య