పాత కారు కొనేటప్పుడు పత్రికల సలహా పనికివస్తుందా?

పాతకాలపు కార్లు కొనేవారి కోసం కార్ల పత్రికలు ఇచ్చే సలహాలు ఎంతవరకు నమ్మదగినవని అడిగారు. ఇటలీ ఫియట్ 1100డి నుంచి మన ప్రీమియర్ పద్మిని కారు ఎలా వచ్చిందో, ముంబయి కుర్లా కర్మాగారంలో ఎప్పుడు ఏ మార్పు జరిగిందో చెప్పేంతవరకు నమ్మవచ్చు. ఎదురుగా నిలబడి ఉన్న కారు విషయంలో మాత్రం వాటిని రవ్వంత కూడా నమ్మను.

మాది ఒడిశాలోని బరంపురం. మా బావమరిది పద్మిని కొంటానని పట్టుబట్టి, ఒక పత్రికలోని సలహా పేజీని జేబులో పెట్టుకొని మమ్మల్ని సముద్రం ఒడ్డునున్న గోపాల్‌పూర్‌లో ఒకరింటికి తీసుకువెళ్లాడు. ఆ పేజీలో రాసిన పరీక్షలన్నింటికీ కారు నిలిచింది: 1089 సీసీ ఇంజిన్ పొగ లేకుండా నడిచింది, స్టీరింగు పక్కనుండే గేరు కడ్డీ తడబడకుండా పడింది, రంగు నిగనిగలాడుతోంది. మాతో వచ్చిన ముసలి మెకానిక్ ఇంజిన్ జోలికే పోలేదు. కాళ్ల దగ్గరి మ్యాటు ఎత్తి, అడుగు రేకును స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోయాడు. ఒకచోట చప్పుడు మారింది. వెంటనే తలుపు కింద జాకీ పెట్టి, చక్రం నేల విడిచేవరకు ఎత్తి, “ఇప్పుడు తలుపు తీసి వెయ్యండి బాబూ” అన్నాడు. తలుపు తెరుచుకుంది గాని, ఎంత నెట్టినా మళ్లీ పడలేదు. పద్మినికి వేరే చాసిస్ (బరువు మోసే కింది చట్రం) ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది కనుక, తలుపుల కింది రేకును తుప్పు తినేసిందంటే కారు మధ్యకు కుంగుతుంది. అక్కడ రేకు పోయినచోట పుట్టీ పట్టించి పైన రంగు వేశారు.

పత్రికలవారు ఎవరో ముద్దుగా చూసుకుంటున్న కారును ఒక పూట నడిపి రాస్తారు గాని, సముద్రపు గాలికి ఏళ్ల తరబడి ఆరుబయట నిలిచిన కారు వారికి ఎదురుపడదు. బ్రిటిష్ పత్రికలు తుప్పు గురించి పేజీలకు పేజీలు రాస్తాయంటే, అక్కడ చలికాలంలో మంచు పేరుకోకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు రేకును తినేస్తుంది కనుక. మనకు ఉప్పు గాలిలోనే వస్తుందన్న సంగతి మన పత్రికలకు తట్టినట్టు లేదు.

ధరల పట్టికలు మరీ అన్యాయం. ఆ రోజు అమ్మేవారి దగ్గరా అదే పత్రిక ఉంది. పూర్తిగా బాగుచేయించిన కారుకు వేసిన ధరను చూపించి, తలుపు పడని కారుకు పైసా తగ్గనన్నారు. కాగితాల ఊసైతే ఏ పత్రికా ఎత్తదు. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) ఎప్పుడో చనిపోయిన, అమ్మేవారి తండ్రిగారి పేరనే ఉంటుంది. పదిహేనేళ్ల తరువాత ఐదేళ్లకోసారి చేయించవలసిన రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోయి ఉంటుంది. పక్కనే ఆంధ్రలో ఉన్న ఇచ్ఛాపురంలో రిజిస్టర్ చేయించుకోవాలన్నా ఒడిశా ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) లేనిదే పని జరగదు.

చివరికి మా బావమరిది సముద్రానికి దూరంగా, కొరాపుట్ జిల్లా జయపురంలో మరో పద్మిని కొన్నాడు. రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగాయి, పత్రిక లెక్కన దాన్ని చూడనే కూడదు. అడుగు రేకు గట్టిగా ఉంది, ఆర్‌సీ అమ్మినాయన పేరనే ఉంది, జాకీ మీద నాలుగు తలుపులూ సరిగ్గా పడ్డాయి.