చిల్లర్ తలుపు మూసేముందు

చిరంజీవి డేవిడ్‌కు పెదనాన్న దీవెనలు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో చిన్న కబేళా, దాన్ని ఆనుకున్న మాంసం కొట్టు లీజుకు తీసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. లైసెన్సు, తనిఖీలు, కత్తుల శుభ్రం నీకు తెలిసినవే. నా బెంగంతా చిల్లర్ గురించి, అదే మాంసాన్ని వేలాడదీసి చల్లబరిచే గది గురించి.

కోసిన మాంసానికి ఎంత తొందరగా చలి తగిలితే అంత మంచిదని కొత్తవాళ్లు అనుకుంటారు. న్యూజిలాండ్ పరిశ్రమే ఆ పొరపాటు చేసింది. 1950ల చివర్లో గొర్రెపిల్ల మాంసాన్ని కోసీకోయగానే గడ్డకట్టించి ఎగుమతి చేస్తే, లేత మాంసం కాస్తా నమలలేనంత గట్టిపడింది. లాకర్, హాగ్యార్డ్ అనే శాస్త్రవేత్తలు 1963లో పశువు కండ మీద అసలు సంగతి చూపించారు. ఎముక నుంచి విడదీసిన కండ, బిగుసుకోకముందే సున్నా డిగ్రీల దగ్గరికి వెళ్తే దాదాపు సగానికి కుంచించుకుపోయింది. 14 నుంచి 19 డిగ్రీల మధ్య ఆ కుంచింపు చాలా తక్కువ. ప్రాణం పోయాక కూడా కండలో కొన్ని గంటలు ఏటీపీ, అంటే కండను కదిలించే శక్తినిచ్చే పదార్థం, మిగిలే ఉంటుంది. చలికి లోపలి కాల్షియం బయటికి కారుతుంది, పోగులు ఒకదానిలోకి ఒకటి జారి ముడుచుకుంటాయి, అలాగే బిగుసుకుపోతాయి. తర్వాత ఎన్నాళ్లు మగ్గబెట్టినా ఆ గట్టితనం పూర్తిగా పోదు. అందుకని పీహెచ్ (కండ పులిసేకొద్దీ తగ్గే అంకె) 6కి దిగే వేళకు కండ వేడి 12 డిగ్రీలకు పైన, 35కు లోపల ఉండాలి. 35 దాటినా నష్టమే, నీరు ఎక్కువ కారుతుంది, సరిగా మగ్గదు. గోడమీది అంకెను నమ్మకు నాయనా. సర్లాయిన్‌లోకి, అంటే నడుము మీది కండలోకి, థర్మామీటర్ గుచ్చి చూడు.

ఇక వేలాడదీయడం. మడమ నరానికి కొక్కెం వేస్తే వెన్ను వంగుతుంది. సర్లాయిన్, రంప్ (పిరుదు కండ), టాప్‌సైడ్ (తొడ లోపలి కండ) వదులుగా ఉండి ముడుచుకుంటాయి. బాగా సాగేది వెన్ను కిందుండే అండర్‌కట్, అది ఎలాగూ మెత్తనిదే. అదే తుంటి ఎముక రంధ్రంలో కొక్కెం వేస్తే కాలు ముందుకు వాలుతుంది, వెన్ను నిటారవుతుంది, ఆ కండలన్నీ సాగి నిలబడతాయి. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు 1970ల మొదట్లో తేల్చిన పద్ధతి ఇది, టెండర్‌స్ట్రెచ్ అంటారు. మీ దగ్గరి మీట్ స్టాండర్డ్స్ ఆస్ట్రేలియా అనే మాంసం నాణ్యత గ్రేడింగ్‌లోనూ దీనికి లెక్క ఉంది. కోసిన గంటన్నరలోపే కొక్కెం తుంటికి మార్చాలి. కండ బిగుసుకున్నాక మారిస్తే శ్రమే మిగులుతుంది. మర్నాడు మళ్లీ మడమకు వేసినా సాగింది సాగినట్టే ఉంటుంది. వారం లోపు అమ్మే మాంసంలో తేడా బాగా తెలుస్తుంది, మూడు వారాలు మగ్గితే తగ్గుతుంది. ముక్కల ఆకారం మారుతుంది కాబట్టి ఎముక తీసేవాళ్లకు ముందే చూపించు.

కొక్కెం మార్చేటప్పుడే నాకు భయం. ఒక్కో సైడు, అంటే నిలువునా కోసిన సగం పశువు, నూరు కిలోలు దాటుతుంది. కొత్త కొక్కెం మీద బరువంతా నిలిచాకే పాతది తియ్యాలి. కింద ఎవరూ నిలబడకూడదు, నువ్వు కూడా. తొందరలో ఉన్నాననే సాకు నాకు చెప్పకు. మీ అమ్మకు నేను జవాబు చెప్పుకోవాలి.

కాలు ముందుకు చొచ్చుకొస్తుంది కాబట్టి ఒక్కో సైడుకు ఎక్కువ చోటు కావాలి. సైడ్లు ఒకదానికొకటి తగిలితే అక్కడ చల్లబడక మాంసం పాడవుతుంది. లీజు మీద సంతకం పెట్టేముందు, సైడ్లు వేలాడే పట్టాల మధ్య దూరం కొలిచి నాకు పంపు. ఆ చిల్లర్‌లో ఎన్ని సైడ్లు పడతాయో చూసి చెబుతాను.

మీ పెదనాన్న