రేటు అడిగితే సున్నా ఇస్తోంది!

ప్రశ్న: మాది రొయ్యలు కొనే కేంద్రం. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో ఆ లెక్క) ఇస్తే ఆ రోజు కిలో రేటు చెప్పే ఫంక్షన్ ఒరాకిల్ డేటాబేస్‌లో రాసుకున్నాం. బిల్లు క్వెరీ దాన్నే పిలుస్తుంది. అప్పుడప్పుడూ ఒకటి రెండు బిల్లుల్లో రేటు సున్నా పడుతోంది. ఎర్రర్ మాత్రం ఎక్కడా కనపడదు. కోడ్, రేట్ల పట్టిక జత చేశాం.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ కోడ్ చివర 'వెన్ అదర్స్ దెన్ రిటర్న్ 0' (ఏ ఎర్రర్ వచ్చినా సున్నా ఇవ్వు) అని ఉంది చూడండి, దొంగ అక్కడే దాక్కున్నాడు. పట్టికలో 30, 40, 50 కౌంట్లకే రేట్లు ఎక్కించారు. చెరువు నుంచి 45 కౌంటు సరుకు దిగింది. ఆ వరుస లేదు కాబట్టి, పట్టికలోంచి రేటు తెచ్చే సెలెక్ట్ ఇంటూ 'నో డేటా ఫౌండ్' ఎర్రర్ లేపింది, అదర్స్ దాన్ని మింగేసి సున్నా చేతిలో పెట్టింది. ఒకే కౌంటుకు రెండు రేట్లు ఎక్కినా 'టూ మెనీ రోస్' లేచి అదే సున్నా వస్తుంది. తూకం దగ్గర నిలబడ్డ రైతుకు ఏమని చెబుతారు?

అదర్స్ తీసేస్తే సరిపోతుందనుకోకండి. సెలెక్ట్ లోంచి పిలిచిన ఫంక్షన్‌లో నో డేటా ఫౌండ్‌ను ఎవరూ పట్టుకోకపోతే, ఒరాకిల్ 'వరుసలు అయిపోయాయి' అనుకుని నల్ (ఖాళీ విలువ) ఇచ్చి ఊరుకుంటుంది. సున్నా పోయి ఖాళీ వస్తుంది, అంతే తేడా. అందుకని దాన్ని పేరు పెట్టి పట్టుకోండి: 'వెన్ నో డేటా ఫౌండ్ దెన్ రైజ్_అప్లికేషన్_ఎర్రర్'. ఇది మీ సొంత నంబరు, సందేశంతో ఎర్రర్ లేపుతుంది. నంబరు -20000 నుంచి -20999 లోపు ఇవ్వాలి. సందేశంలో కౌంటు, తేదీ రెండూ పెట్టండి. రెండు రేట్ల గొడవకు మాత్రం ఎర్రర్‌ను పట్టుకునే హ్యాండ్లర్ కన్నా, ఒకే కౌంటు, తేదీ జతను రెండోసారి ఎక్కనివ్వని యూనిక్ కన్‌స్ట్రెయింట్ మేలు.

అదర్స్ ఉంచుకోవాలనుకుంటే ఎర్రర్‌ను లాగ్ పట్టికలో రాసి, చివర రైజ్ (ఆ ఎర్రర్‌ను మళ్లీ బయటికి పంపే ఆదేశం) తప్పక పెట్టండి. ఏ లైనులో తప్పిందో డీబీఎంఎస్_యుటిలిటీలోని ఫార్మాట్_ఎర్రర్_బ్యాక్‌ట్రేస్ చెబుతుంది. అయితే క్వెరీ మధ్యలో ఇన్‌సర్ట్ చేస్తే ఓఆర్ఏ-14551 (క్వెరీ లోపల డేటా మార్చకూడదనే ఎర్రర్) వస్తుంది. అందుకని లాగ్ రాసే ప్రొసీజర్‌ను అటానమస్ ట్రాన్సాక్షన్‌గా (అసలు పనితో సంబంధం లేకుండా నడిచేదిగా) విడిగా పెట్టి, అందులోనే కమిట్ చేయాలి.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సెలెక్ట్ ఇంటూకు వరుస దొరక్కపోయినా ఎక్సెప్షన్ (ఎర్రర్) లేవడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అక్కడి పద్ధతే అంత. ఇంటూ పక్కన స్ట్రిక్ట్ అని రాస్తేనే లేస్తుంది, లేకుంటే నల్. లక్ష వరుసల లూప్ లోపల మాత్రం ఎక్సెప్షన్ బ్లాక్ పెట్టకండి. లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఒక సబ్‌ట్రాన్సాక్షన్ (ట్రాన్సాక్షన్ లోపల మరో చిన్న ట్రాన్సాక్షన్) తెరుచుకుంటుంది, పని నత్తనడక పడుతుంది.